తుంగను చంపబోయి

ఇరవై ఆరేళ్ళు సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, టవళ్ళు నేసినవాణ్ణి నేను. మా కార్ఖానా సేటు పాత సాంచాలన్నీ తుక్కు కింద అమ్మేసి, నలుగురి పని ఒక్కడే చూసుకోగలిగే కొత్త యంత్రాలు తెచ్చినప్పుడు మిగతావాళ్ళతో పాటు నేనూ ఇంట్లో కూర్చున్నాను. మరాఠీ గడ్డ మీద మన తెలుగు నేతవాళ్ళుండే నీలం నగర్‌లో, మా ఇంట్లో కూర్చోవడమంటే నా భార్య బీడీల చాట పక్కన కూర్చోవడమే. ఆమె తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కడుతుంటే చూస్తూ ఉండేవాణ్ణి. ఏమన్నా అంటుందేమోనని కొన్నాళ్ళు భయపడ్డాను.  ఒకరోజు తల ఎత్తకుండానే, "అట్ల సూసుడు బంద్ జెయ్యి. నాకు లెక్క తప్పుతున్నది" అంది.

ఆ సాయంత్రమే అశోక్ చౌక్‌కు పోయాను. అక్కడ చాయ్ తాగుతుంటే మా పాత కార్ఖానావాడు ఒకడు కలిసి, ఊరవతల కొత్త సొసైటీలో ఒక బంగళా ఉందనీ, రిటైరైన టీచరమ్మ ఒకామె మాలీ కోసం వెతుకుతోందనీ చెప్పాడు.

"చెట్ల పని వస్తదా నీకు?" అని అడిగాడు.

"రాక ఏంది" అన్నాను.

మా ఇంటి ముందు నూనె డబ్బాలో ఒక తులసి ఉండేది. అదీ నా భార్య నీళ్ళు పోస్తే బతికింది. అంతకు మించి మొక్కలతో నాకు పరిచయం లేదు.

టీచరమ్మను అందరూ బాయి అనేవారు. మరాఠీ ఆమె. దాజీ పేటలో ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పారు. తరగతిలో సగానికి పైగా మన పద్మసాలీల పిల్లలే కాబట్టి వాళ్ళ దగ్గరే తెలుగు నేర్చుకున్నారు. అందుకే పెద్దవాళ్ళతో మాట్లాడినా పిల్లలతో మాట్లాడినట్టే ఉండేది.

"గవత్ పని తెల్సా నీకు?" అన్నారు మొదటిరోజు. గడ్డినే ఆమె గవత్ అనేవారు.

"తెల్సు బాయి."

"నిజంగ తెల్సా?"

"తెల్సు."

రెండోసారి అడిగినప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. కాని ఆరు నెలలుగా పనిచ్చేవాళ్ళెవరూ నన్ను ఏ పనైనా వచ్చా అని అడగలేదు. అడిగిన మొదటి మనిషికి రాదని చెప్పడానికి నోరు రాలేదు.

ఇంటి వెనక పచ్చిక ఉంది. మా కార్ఖానాలో ఆరు సాంచాలు పట్టేంత స్థలం. చుట్టూ గోడ, గోడ వెంట పూల మొక్కలు. పచ్చికకు అటూ ఇటూ రెండు ఇనుప గుంజలు పాతి, వాటి మధ్య నడుమెత్తున నైలాన్ తాడు కట్టారు. ఆ తాడు ఎందుకో మర్నాడు పొద్దున తెలిసింది. బాయి భర్త, నీటిపారుదల ఆఫీసులో పనిచేసి రిటైరైన సాహెబు, దాన్ని ఎడమ చేత్తో పట్టుకుని వట్టి కాళ్ళతో ఆ గడ్డి మీద నడుస్తారు. రెండేళ్ళ కింద లక్వా కొట్టి కుడివైపు పడిపోయిందట. కుడికాలు ఈడుస్తారు, కుడిచెయ్యి పొట్టకు ఆనించుకుని ఉంచుకుంటారు. మాట కూడా దెబ్బతింది. ఏదో చెప్పబోయి రెండు ముక్కలు పలికి, మిగిలింది దొరకక ఆగిపోయేవారు. ఇంట్లో నున్నటి బండల మీద నడవమంటే జారుతానని భయం. గడ్డి మీదైతే ధైర్యం. పాదానికి గడ్డి తగిలితే కాలు ఎక్కడ ఉందో ఆయనకు తెలుస్తుందని బాయి చెప్పారు.

చిక్కల్లా తుంగతో వచ్చింది. లాన్‌లో వేసింది మన గరిక లాంటిదే, మరాఠీలో హరాళి అంటారు, మెత్తగా నేలను అంటుకుని పాకుతుంది. దాని మధ్య తుంగ పిలకలు పిలకలుగా, గట్టిగా, ఎత్తుగా లేచేది. సాహెబు ఈడ్చే పాదం వేళ్ళు వాటికి తగులుకునేవి. నేను చేరకముందు ఒకసారి పడ్డారు కూడా.

"ఈ లవ్హాళా పోవాలె భావూ. అంతే నాకు కావల్సింది" అన్నారు బాయి. తుంగకు మరాఠీలో ఆ పేరు.

నేను పీకడం మొదలుపెట్టాను. పోగులు అతికిన చేతులు నావి, కుదురుగా కూర్చుని ఒక్కొక్కటే పీకేవాణ్ణి. సాయంత్రానికి బుట్టెడు తుంగ అయ్యేది. వారం తిరిగేసరికి పీకిన చోటే ఒకటికి రెండు లేచేవి. బాయి ఫోన్‌లో వీడియోలు చూసేవారు. ఒకదాంట్లో వెనిగర్‌లో ఇంత ఉప్పు, గిన్నెలు తోమే సబ్బు కలిపి చల్లితే కలుపు చస్తుందని చెప్పారు. ఆ నీళ్ళు కలిపి చల్లాం. పెరడంతా పచ్చడి జాడీ మూత తీసిన వాసన. తుంగ ఆకులు రెండు రోజుల్లో గోధుమ రంగుకు మాడిపోయాయి. ఇద్దరం సంతోషపడ్డాం. ఆరోరోజున మాడిన ఆకుల మధ్య నుంచి కొత్త మొనలు లేచాయి.

తర్వాత మరిగే నీళ్ళు. వంటింట్లోంచి పెరట్లోకి కెటిల్ పట్టుకుని నేను ఎన్నిసార్లు తిరిగానో. నీళ్ళు పడిన చోటల్లా పచ్చిక గుండ్రంగా మాడింది, ఇస్త్రీ పెట్టె మరిచిపోతే టవల్ మాడినట్టు. తుంగ మళ్ళీ వచ్చింది. కుళాయి పక్కన ఒక మూల బాయి నేను రాకముందే వట్టి ఉప్పు పోసి చూశారట. అక్కడ తుంగ లేదు నిజమే, గరికా లేదు. పక్కనున్న నందివర్ధనం ఆకులు రాల్చుకుని నిలబడింది.

"మందు కొడ్తే పోతదా?" అని అడిగారు బాయి చివరికి.

"పోతది" అన్నాను. అప్పటికి తెల్సు అనడం నాకు అలవాటైపోయింది.

చెరకు రైతులు వచ్చే మందుల దుకాణానికి పోయాను. జనం నిలబడి ఉన్నారు. అందరూ పొలాలున్నవాళ్ళు, నేనొక్కణ్ణే నేతవాణ్ణి. కౌంటర్ వెనకాయన ఏ పంటలో అని అడిగాడు. బంగళా వెనక లాన్ అని చెబితే నవ్వుతారేమోనని, "గడ్డి సావాలె, అంతే" అన్నాను.

"మొత్తం చావాలా?"

"మొత్తం."

నేనన్న మొత్తం తుంగ మొత్తం. ఆయనకు అర్థమైన మొత్తం వేరు. ఆయన తప్పేమీ లేదు. సీసా ఇచ్చి, గాలి లేనప్పుడు కొట్టమనీ, మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు వేసుకోమనీ, కొట్టిన చోట ఎవరినీ తిరగనివ్వొద్దనీ వివరంగా చెప్పాడు. సీసాకు మడతలు పెట్టిన కాగితం ఒకటి అంటించి ఉంది. దాన్ని జేబులో పెట్టుకున్నాను. నాకు మరాఠీ చదవడం బాగానే వచ్చు. ఆ రోజు చదవలేదు.

మర్నాడు పొద్దున, గాలి వీచకముందే, సొసైటీలో అడిగి తెచ్చిన పంపు వీపుకు తగిలించుకుని కొట్టాను. సాహెబును ఆ వారమంతా బయటికి రానివ్వొద్దని బాయికి చెప్పాను. కిటికీ వెనక ఆయన కూర్చుని చూస్తున్నారు. సాంచా మీద పేక పోగు తిరిగినట్టు ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు, ఒక్క జానెడు కూడా వదలకుండా కొట్టాను. పని శుభ్రంగా చేశానని గర్వపడ్డాను కూడా.

నాలుగోరోజు తుంగ మొనలు పసుపెక్కాయి. బాయి నాకు రవ్వలడ్డూ పెట్టారు. ఏడోరోజు గరిక కూడా పసుపెక్కింది. నీళ్ళు తక్కువయ్యాయనుకుని నీళ్ళు పెట్టాను. పదోరోజుకు పచ్చికంతా పాత గోనెసంచి పరిచినట్టుంది.

ఆ రోజు ఇంటికొచ్చి జేబులో కాగితం తీసి విప్పాను. నా భార్య బీడీలు కట్టలు కడుతోంది. చిన్న అక్షరాలు, దీపం దగ్గర పెట్టుకుని చదివాను. పచ్చగా ఉన్న ఏ మొక్క మీద పడినా చంపుతుందని, ఉంచుకోవాలనుకున్న మొక్కల మీద పడకుండా చూసుకోవాలని రాసి ఉంది. రెండుసార్లు చదివాను.

"ఏంది?" అంది ఆమె.

చెప్పాను. మొదటిరోజు తెల్సు అన్న దగ్గర నుంచి మొత్తం చెప్పాను.

తర్వాత రెండు రోజులు పనికి పోలేదు. జ్వరమని ఫోన్ చేసి చెప్పాను. మూడోరోజు పొద్దున నా భార్య చాట పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"పని రాదని చెప్పుడు పాపం గాదు" అంది. "ఆ పెద్దాయన కాళ్ళ కింది గడ్డి సంపి, నువ్వు గీడ గోడకు ఆనుకొని కూసునుడు పాపం. పోయి చెప్పు."

"ఏమంటదో బాయి."

"ఏమన్నా అననియ్యి. అన్నంక ఇంటికి రా."

పోయి చెప్పాను. వెనక గుమ్మంలో నిలబడి బాయి విన్నారు. కాగితం అడిగి తీసుకుని, కళ్ళజోడు పైకి నెట్టి, అక్కడే చదివారు. 

"నీకు తెల్వదని నాకు ముందే చెప్తే, మనం ఇద్దరం కల్సి చదువుతుంటిమి గదా ఈ కాగితం" అన్నారు.

అంతే. లోపలికి పోయి తలుపు వేసుకున్నారు. పొమ్మనలేదు, ఉండమనలేదు. నేను మర్నాడూ పోయాను. రోజూ ఇచ్చే చాయ్ రాలేదు. వారం రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. పూల మొక్కలకు నీళ్ళు పెట్టి, ఆకులు ఊడ్చి వచ్చేవాణ్ణి. అది నేను భరించగలిగాను. భరించలేనిది ఇంకొకటి ఉండేది. రోజూ నడిచే వేళకు సాహెబు గుమ్మం దాకా వచ్చేవారు. ఎండిన నేలను చూసేవారు. కాలు కింద పెట్టబోయి, వెనక్కి తీసుకుని, కుర్చీ దగ్గరికి తిరిగిపోయేవారు. పదిహేను రోజుల్లో కుడికాలు ఇంకా బిగుసుకుందని, వ్యాయామం చేయించే డాక్టరు వచ్చినప్పుడు బాయితో అనడం విన్నాను.

ఆ నెలలోనే మొదటి వాన పడింది. రెండు రోజుల తర్వాత చూస్తే, ఆ ఎండిన చాప మధ్య నుంచి ఆకుపచ్చటి మొనలు. దగ్గరికి పోయి చూశాను. తుంగ. గరిక చచ్చింది, తుంగ బతికింది. నేను అక్కడే తడినేల మీద కూర్చుండిపోయాను.

ఇంటికొచ్చి చెబితే నా భార్య మర్నాడు తెల్లవారి నాతో బయల్దేరింది. పాత ఇనుప చువ్వ ఒకటి, పిండి జల్లెడ కంటే పెద్ద కన్నాల జల్లెడ ఒకటి వెంట తెచ్చింది. బాయికి దండం పెట్టి నేరుగా పెరట్లోకి పోయింది. ఒక తుంగ పిలక పక్కన చువ్వ దింపి, మట్టి మెల్లగా వదులు చేసి, వేళ్ళతో తవ్వుతూ పోయింది. పిలక కింద శనగ గింజంత నల్లటి గడ్డ. దాని నుంచి సన్నటి వేరు, ఆ వేరు చివర ఇంకో గడ్డ, అక్కడి నుంచి ఇంకోటి. దారానికి గుచ్చినట్టు ఏడు గడ్డలు బయటికొచ్చాయి, ఒక్కచోట కూడా తెగకుండా. బీడీలు చుట్టే వేళ్ళు ఆమెవి. నేనైతే మూడో గడ్డ దగ్గరే తెంపేవాణ్ణి.

"పైకెల్లి గుంజితె ఏం లాభం" అంది. "తల్లి కిందున్నది."

ఇక ప్రతి పొద్దునా అదే పని. ఆమె మధ్యాహ్నం దాకా ఉండి ఇంటికి పోయి బీడీలు చేసుకునేది. జానెడు జానెడుగా మట్టి తవ్వి, జల్లించి, గడ్డలు ఏరి, మట్టి వెనక్కి పోసేవాళ్ళం. ఏరిన గడ్డల్లో కొన్ని కడిగి ఆరబెట్టి కొంగున కట్టుకుని తీసుకుపోయేది. తుంగ గడ్డలు ఎండితే మంచి వాసన. వాళ్ళమ్మ తలంటుకునే కుంకుడు పొడిలో వేసేదట. మూడోరోజు బాయి మా ఇద్దరికీ చాయ్ తెచ్చారు. కప్పులు గట్టు మీద పెట్టి, కాసేపు నిలబడి చూసి, "ఇట్ల ఎన్ని రోజులు పడ్తది?" అన్నారు.

"తెల్వదు బాయి" అన్నాను. ఆమె తలూపారు.

సాహెబు కుర్చీ గుమ్మం దగ్గర వేయించుకుని మమ్మల్ని చూసేవారు. ఒకరోజు జల్లెడ ఆయన కుర్చీ పక్కనున్న స్టూలు మీద పెట్టి నేను నీళ్ళు తాగడానికి పోయాను. తిరిగొచ్చేసరికి ఆయన వంగి, జల్లెడలో చెయ్యి పెట్టి గడ్డలు ఏరుతున్నారు. మంచి చెయ్యి కాదు, కుడిచెయ్యి. వేళ్ళు వణుకుతున్నాయి, గడ్డ జారిపోతోంది, మళ్ళీ పడుతున్నారు. నా భార్య నా వైపు చూసి, మాట్లాడొద్దన్నట్టు తలూపింది. చాలాసేపటికి ఒక గడ్డ పట్టుకుని డబ్బాలో వేశారు. టక్ మని చప్పుడైంది.

బాయి ఆ చప్పుడు విని వచ్చారో, ఊరికే వచ్చారో, గుమ్మంలో ఆగిపోయారు. గిన్నెలో శనగలు పోసి ఒక్కొక్కటి తీయమని డాక్టరు ఎన్నోసార్లు చెప్పారట. సాహెబు ఒక్కసారీ చేయలేదట. చిన్నపిల్లల ఆట అని గిన్నె తోసేసేవారట. ఆ మాట బాయి మాకు తర్వాత, వంటింట్లో, కళ్ళు తుడుచుకుంటూ చెప్పారు. అప్పుడు మాత్రం లోపలికి పోయి ఇంకో డబ్బా తెచ్చి ఆయన పక్కన పెట్టారు.

అప్పటి నుంచి జల్లెడ పని సాహెబుది. మేం మట్టి పోయాలి, ఆయన ఏరాలి. ఒక గడ్డ వదిలి మట్టి పోయబోతే, "ఆఁ ఆఁ" అని ఆపి, వేలితో చూపించేవారు. నా భార్య ఆయనకు చెప్పే మాటలన్నీ తెలుగే. ఆయన తెలుగు తెలియని మనిషి. అయినా ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉన్నట్టు నాకు కనబడలేదు.

"మామా, గది రాయి. పారెయ్యి" అనేది. ఆయన రాయి తీసి పారేసేవారు.

పని నెల రోజులు పట్టింది. గోడ వెంట పూల మొక్కల చాటున, పంపు మందు పడని చోట, కొంచెం గరిక బతికి ఉంది. ఆ తీగలు కత్తిరించి వేలెడు దూరానికొకటి నాటాం. అవి సరిపోలేదు. కాలువ గట్టు నుంచి ఇంకా తెస్తానన్నాను.

"దాంట్ల లవ్హాళా ఉంటే?" అన్నారు బాయి.

అందుకని తెచ్చిన ప్రతి తీగనూ బకెట్ నీళ్ళలో కడిగి, వేళ్ళు చూసి నాటాం. చూసింది సాహెబే. వానలు బాగా పడ్డాయి. రాఖీ పున్నమ నాటికి నేల అక్కడక్కడ పచ్చబడింది, గణపతి పండుగ నాటికి కలిసిపోయింది.

తుంగ మొత్తం పోయిందని చెబితే అబద్ధమవుతుంది. గుప్పెడు పిలకలు మళ్ళీ లేచాయి. అప్పుడు ఒక పిలకను వేళ్ళతో సహా తీసి, కాగితంలో చుట్టుకుని అదే దుకాణానికి పోయాను. అదే ఆయన ఉన్నాడు. ఈసారి పొల్లు పోకుండా చెప్పాను. ఇది లాన్ అని, గరిక బతకాలని, తుంగ ఒక్కటే పోవాలని, లక్వా కొట్టిన పెద్దమనిషి వట్టికాళ్ళతో దాని మీద నడుస్తాడని. ఆయన నవ్వలేదు. పిలకను అటూ ఇటూ తిప్పి చూసి, చెరకులో తుంగకు కొట్టే పొడి మందు ఒకటి ఉందని చిన్న పొట్లం తీశాడు.

"గరిక మీద ముందు ఓ మూల కొట్టి చూడు. తొందర వద్దు. మందు కొట్టినాక ఆయనను పక్షం రోజులు నడవనియ్యకు" అన్నాడు.

ఆ కాగితం బాయి భూతద్దం పెట్టి పైకి చదివారు. తర్వాత నా చేతికిచ్చి నన్ను చదవమన్నారు. తరగతిలో పిల్లవాడిలా నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఒకచోట అక్షరం తప్పు పలికితే దిద్దారు. ఒక టవల్ పరిచేంత చోట కొట్టి మూడు వారాలు ఆగాం. తుంగ మెల్లగా ఎర్రబడి వాడింది. గరికకు ఏమీ కాలేదు. అప్పుడు మిగతా పిలకల మీద, ఒక్కొక్కదాని మీదే కొట్టాను.

దీపావళి దాటాక ఒక పొద్దున సాహెబు చెప్పులు గుమ్మంలో వదిలి కిందికి దిగారు. చాలా నెలల తర్వాత. తాడు ఎడమచేత్తో పట్టుకుని, కాసేపు నిలబడ్డారు. మునుపటంత దూరం నడవలేకపోయారు. సగం దాకా పోయి, రొప్పుతూ ఆగి, తిరిగొచ్చారు. మధ్యలో కుడిచెయ్యి కూడా పైకెత్తి తాడు మీద వేశారు. అది పట్టుకోవడం కాదు, ఆనించడం. అయినా వేశారు.

ఇప్పుడు ఆ సొసైటీలోనే ఇంకో రెండు ఇళ్ళ పని నాకుంది. నా భార్య బీడీలు మానలేదు, వారానికి ఒకరోజు మాత్రం నాతో వస్తుంది. నందివర్ధనం కింద ఉప్పు పట్టిన మట్టి తీసేసి కొత్త మట్టి పోశాం. చిగురు వేసింది. ఆ పక్కన ఆమె రెండు వరసలు పుంటికూర గింజలు చల్లింది, బాయి అడగకుండానే.

నిన్న పొద్దున సాహెబు తాడు ఆ చివరన ఉన్నారు. నా భార్య పుంటికూర కోస్తోంది. నేను పైపు పట్టుకుని గడ్డికి నీళ్ళు పెడుతున్నాను. బాయి వంటింటి కిటికీలోంచి, "భావూ, అటు తడి చెయ్యకు, జారుతరు" అన్నారు. పైపు ఇటు తిప్పుకుని, ఆయన తిరిగొచ్చి గుమ్మం ఎక్కేదాకా తాడుకు దూరంగా ఉన్న ఈ మూలకే నీళ్ళు పెట్టాను.